నిప్పు గురించి నేను రాయని వాక్యం

పన్నెండేళ్ళుగా ఒక వాక్యం మోస్తున్నాను. ఒకే ఒక్క వాక్యం. ఇంగ్లీషులో చదివాను, తెలుగులో రాయాల్సింది, రాయలేదు. ఇంత చిన్నదానికి అంత బరువేమిటమ్మా అని మీరు అనుకోవచ్చు. మొదటి ఏడాది నేనూ అలాగే అనుకున్నాను. ఎన్ని మరిచిపోలేదు, ఇదీ మరిచిపోతాను అనుకున్నాను. మరిచిపోలేదు. సిగ్నల్ దగ్గర కార్ ఆపుకుని కూర్చున్నప్పుడు గుర్తొస్తుంది. పేరంటంలో ఎవరో నా చేతికి అగ్గిపెట్టె ఇచ్చి దీపం వెలిగించమంటే గుర్తొస్తుంది.

నా పేరు చెప్పను. చేసిన పని చెబుతాను, అది చాలు. డాలస్ పక్కన కాపెల్‌లో ఉంటాం. విశాఖలో వాతావరణ శాస్త్రం చదివాను. ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యాను, ఈ ముక్క చెప్పుకోకపోతే నాకు తోచదు. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక డిపెండెంట్ వీసా. మావారికి ఆఫీసు, నాకు అపార్ట్‌మెంట్. ఉద్యోగం చేయకూడదు. డిగ్రీ కాగితం సూట్‌కేసు అడుగున చీరల కింద ఉండిపోయింది. ఆ రోజుల్లో నా గొప్పతనమంతా కిటికీ దగ్గర నుంచుని, ఆ మబ్బు ఇక్కడ కురవదు, పక్క ఊళ్ళో కురుస్తుంది అని మావారితో చెప్పడం. ఆయన "ఊఁ" అనేవారు. లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే!

ఏం చేస్తాను? రోజూ పొద్దున్నే కాఫీ కలుపుకుని, దేశం మొత్తానికి వచ్చే రెండు రోజుల వాతావరణ సూచన చదువుతూ కూర్చునేదాన్ని. మీరెప్పుడైనా చదివారో లేదో. ఎక్కడో ఆఫీసులో కూర్చుని ఎవరో ఒక పెద్దమనిషి రాస్తాడు. తూర్పున ఉరుముల వాన, ఉత్తరాన కొండల మీద మంచు, దక్షిణాన పొడిగాలికి కార్చిచ్చు భయం, అన్నీ ఒకే పేజీలో. ఇంత పెద్ద దేశం, ఒకే రోజు ఒకచోట తడుస్తుంది, ఒకచోట గడ్డకడుతుంది, ఒకచోట కాలుతుంది. నాకు అది చదువుతుంటే ప్రాణం లేచొచ్చేది. నేను చదివిన చదువు ఈ లోకంలో ఇంకా ఎవరికో పనికొస్తోందని తెలిసేది.

ఒకసారి పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు హ్యూస్టన్‌కి డ్రైవ్ చేస్తున్నామంటే, మధ్యాహ్నం దాటాక బయల్దేరండి, ముందు వెళ్తే వడగళ్ళలో చిక్కుకుంటారు అన్నాను. అలాగే జరిగింది. వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. వాళ్ళు ఇంకొకరికి. చివరికి ప్రతి శుక్రవారం పొద్దున మా తెలుగు కుటుంబాలన్నిటికీ నేను ఈమెయిల్ పంపడం మొదలైంది. "శుక్రవారం వాతావరణం." మొదట్లో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, తరవాత తెలుగు టైప్ చేయడం నేర్చుకున్నాను. "కొలరాడో వైపు వెళ్ళేవాళ్ళు మంకీ క్యాపులు మరవద్దు. తూర్పున ముసురు. మనకి ఎండే, సాయంత్రానికి మాత్రం ఈదురుగాలి, ఆరేసిన బట్టలు తీసుకోండి" అని రాసేదాన్ని. ఇక్కడ బాల్కనీలో బట్టలు ఆరేయనివ్వరు. అయినా రాసేదాన్ని. అది చదివితే అందరికీ వాళ్ళమ్మ పిలిచినట్టు ఉంటుందట.

ఎంత బాగుండేవి ఆ రోజులు! అందరివీ అద్దె ఇళ్ళు, ఒకే రకం గోధుమరంగు కార్పెట్లు. ఎవరింట్లో పప్పు మాడినా అందరికీ వాసన వచ్చేది. పిల్లల చేత నా ఈమెయిల్ బయటికి చదివించేవాళ్ళు తల్లులు, తెలుగు రావాలని. ఆ పిల్లలు ఒక్కో అక్షరం కూడబలుక్కుని "వ-డ-గ-ళ్ళు" అని చదివి, అంటే ఏంటి ఆంటీ అని నాకు ఫోన్ చేసేవాళ్ళు. నన్ను అందరూ "వెదర్ గారు" అనేవాళ్ళు. పైకి విసుక్కునేదాన్ని కానీ, ఆ పేరంటే నాకు ఎంతిష్టమో ఇప్పుడు చెబుతున్నాను. ఆ ఇష్టమే నా కొంప ముంచింది.

ఆ ఈమెయిల్‌ని అందరికంటే శ్రద్ధగా చదివేది రాజ్యం పిన్నిగారు. తెనాలివైపు మనిషి. కొడుకు శ్రీధర్ దగ్గర ఉండేవారు. ఇంగ్లీషు రాదు, టీవీలో వాతావరణం అర్థం కాదు, అందుకని నా ఈమెయిల్ కొడుకు చేత ప్రింట్ తీయించుకుని ఫ్రిజ్ మీద అతికించుకునేవారు. ఆవిడ చేతిలో ఎప్పుడూ పత్తి ఉండేది. మాట్లాడుతూనే, టీవీ చూస్తూనే, కార్‌లో వెనక సీట్లో కూర్చుని కూడా వత్తులు చేసేవారు. అరచేతిలో ఇంత విభూతి, వేళ్ళతో ఒక్క నులుము, వత్తి తయారు. కాపెల్‌లో ఏ తెలుగింట్లో దీపం వెలిగినా ఆ వత్తి పిన్నిగారిదే. జిప్‌లాక్ కవర్లలో పెట్టి పంచేవారు. డబ్బాలో ఇంకా ఉన్నాయండీ అంటే, ఉండనీ, కార్తీకం వస్తోందిగా అనేవారు.

కార్తీకమాసం వనభోజనాలు మాకు పెద్ద పండగ. దగ్గర్లో చెరువుగట్టు మీద పార్కులో కప్పున్న షెల్టర్ ఒకటి బుక్ చేసుకునేవాళ్ళం. ఉసిరిచెట్టు కింద భోంచేయాలి కదా, టెక్సస్‌లో ఉసిరిచెట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒక పెకాన్ చెట్టు ఉండేది. ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్ ఉసిరికాయల ప్యాకెట్ కొని, దాని మొదట్లో పెట్టి, ఇదే ఉసిరిచెట్టు అనుకోండి అనేవారు పిన్నిగారు. మంచు కరిగి నీళ్ళు కారుతున్న ఆ ప్యాకెట్‌కి పసుపు, కుంకుమ. మేమందరం దండం పెట్టేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

అసలు సంగతికి రావాలి. వస్తున్నాను. రాలేకనే ఇంతసేపూ ఉసిరికాయల గురించి చెప్పాను.

దానికి ముందు ఏడాది వనభోజనాలు నా మూలంగా ఆగిపోయాయి. గాలివాన, వడగళ్ళు, బయటికి రావద్దు అని రాశాను. ఆ వాన దక్షిణంగా జారిపోయింది. మా ఊళ్ళో రోజంతా ఫెళ్ళున ఎండ. పులిహోరలు, చక్రపొంగళ్ళు ఎవరిళ్ళల్లో వాళ్ళే తిన్నారు. ఇక ప్రసాద్ గారు అని మా గుంపులో ఒకాయన ఉన్నారు, ఊరుకుంటారా? ఎక్కడ కనపడినా, "వెదర్ గారూ, ఇవాళ ఎండంటారా? అయితే గొడుగు తెచ్చుకుంటాం" అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? ఇంటికొచ్చి మాత్రం గిన్నెలు గట్టిగా తోమేదాన్ని. సూచన అంటే జరగొచ్చని చెప్పడమే కానీ జరిగి తీరుతుందని కాదు, ఇది వీళ్ళకి ఎవరు చెప్తారు? ఏడాదంతా ఆ ఒక్క జోకు విన్నాను.

తరవాతి కార్తీకం. శనివారం వనభోజనాలు. శుక్రవారం పొద్దున కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. పేజీ తెరిచాను. గల్ఫ్ తీరం పొడుగునా ఉరుముల వాన. రాకీ కొండల్లో మంచు. ఆ చలిగాలి వెనకాల దక్షిణ మైదానాల్లో పొడిగాలులు, గాలిలో తేమ లేదు, గడ్డి ఎండిపోయి ఉంది, నిప్పు రాజుకుంటే ఆగదు, ఆరుబయట మంట పెట్టవద్దు. మ్యాప్‌లో నిప్పు భయం ఉందని రంగు పూసిన భాగం మాకు కాస్త పడమటగా ఆగింది.

అక్కడ ఆగిందిగా అనుకున్నాను. మనం దాని బయటే ఉన్నాంగా. ఉరుముల గురించి బ్రహ్మాండంగా రాశాను. మంచు గురించి అంతకంటే బాగా రాశాను, అది మా ఊరికి సంబంధం లేదు కాబట్టి. మా సంగతికి వచ్చేసరికి, "ఎండ హాయిగా ఉంటుంది. కొంచెం గాలి. పెద్దవాళ్ళు శాలువాలు తెచ్చుకోండి" అని రాసి పంపేశాను. నిప్పు మాట లేదు. ఆ మాట రాస్తే మళ్ళీ ఫోన్లు, మళ్ళీ క్యాన్సిల్ చేద్దామా అని గొడవ, మళ్ళీ ప్రసాద్ గారి గొడుగు. నాకు ఓపిక లేదు.

పొద్దున చేసిన దానికి సాకు ఉంది, ఒప్పుకుంటారా? మధ్యాహ్నం చేసిన దానికి లేదు. మధ్యాహ్నం కొత్త సూచన వచ్చింది. చూశాను. ఆ రంగు తూర్పుకి జరిగి మా ఊరిని కప్పేసింది. పదినిమిషాలు ఆ మ్యాప్ చూస్తూ కూర్చున్నాను. రెండు లైన్లు రాస్తే సరిపోయేది. కిటికీ మూసినట్టు ఆ పేజీ మూసేసి, పులిహోరకి చింతపండు నానబెట్టాను.

సాయంత్రం పిన్నిగారు ఫోన్ చేశారు. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఏమ్మాయ్, రేపు గాలి ఉంటుందా?"

"కొంచెం ఉంటుందండీ పిన్నిగారూ."

"అది కాదే. మూడువందల అరవై అయిదు వత్తులూ కట్టగట్టి నేతిలో నానేశాను. చెట్టు కింద వెలిగిద్దామని. గడ్డంతా ఎండిపోయి ఉంటుందమ్మా, నిప్పెందుకు అంటున్నాడు మా శ్రీధర్. వద్దంటే చెప్పు. ఇంట్లో తులసమ్మ దగ్గరే పెట్టేసుకుంటాలే, దానికేముంది."

"ఏం కాదండీ. నిక్షేపంలా పెట్టుకోండి."

"నువ్వు చూశావా?"

"చూశానండీ."

"నువ్వు చూశావంటే ఇంకేం. రేపు ఆకలితో రా, గోంగూర పచ్చడి చేశా."

అంతే. వద్దంటే మానేస్తానని ఆవిడే అన్నారు. నోటి దాకా తెచ్చి ఇచ్చారు. వద్దండీ అనడానికి ఒక్క క్షణం పడుతుందా? ఎందుకు అనలేదు? శ్రీధర్ అన్నది నిజమే అంటే, మరి ఈమెయిల్‌లో ఎందుకు రాయలేదమ్మా అని అడుగుతారని. అడిగితే తప్పు చేసినట్టు అవుతుందని. తప్పు చేసినట్టు కనపడకూడదని తప్పు చేశాను.

మర్నాడు అన్నం వడ్డించే ముందు పిన్నిగారు పెకాన్ చెట్టు మొదట్లో వత్తుల కట్ట వెలిగించారు. ఎర్ర ప్రమిదలో ఎంత అందంగా వెలిగిందో. పిల్లలు ఫోటోలు తీశారు. ఒక్క విసురు గాలి వచ్చింది. మండుతున్న వత్తులు లేచి మోకాలెత్తు ఎండుగడ్డిలో పడ్డాయి. బుస్సుమంది. ప్రసాద్ గారు చేతికి దొరికిన మజ్జిగ కూలర్ ఎత్తి గుమ్మరించారు. పిన్నిగారు కుడిచేత్తోనే ఆ మంటని కొట్టారు, ఉత్తచేత్తో. శ్రీధర్ వెనక్కి లాగేదాకా కొడుతూనే ఉన్నారు. ఫైరింజన్లు వచ్చేసరికి షెల్టర్ కప్పు కాలిపోయింది, చెట్టు కాలింది, చెరువు దాకా గడ్డి నల్లబడింది. దేవుడి దయవల్ల ప్రాణాలు పోలేదు.

ఫైర్ ఆఫీసర్ ఎవరు వెలిగించారని అడిగాడు. పిన్నిగారు ఎడమచెయ్యి ఎత్తారు. కుడిచేతికి తడిగుడ్డ చుట్టి ఉంది. వాతావరణ సూచన ఎవరూ చూడలేదా, నిన్నటి నుంచీ చెబుతూనే ఉన్నాం అన్నాడాయన. అందరూ నా వైపు తిరిగారు. నేను అప్పుడు ఏమన్నానో వినండి. నేను చూసినప్పుడు అందులో లేదండీ, తరవాత మార్చి ఉంటారు అన్నాను. పట్టపగలు, అందరి మొహాలూ చూస్తూ అన్నాను. వాళ్ళు నమ్మారు. వాతావరణం సంగతి తెలిసిందేగా అని నన్నే ఓదార్చారు. పిన్నిగారు నా వైపు చూశారు. శ్రీధర్‌కి కానీ ఇంకెవరికి కానీ ఫోన్ సంగతి చెప్పలేదు. అడిగాను, పెట్టుకోమంది అని ఒక్కమాట అంటే చాలు. అనలేదు. ఎందుకు అనలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

తరవాత మాటలన్నీ ఆవిడకే. అంత పెద్దావిడకి ఆ మాత్రం తెలియద్దా, గాలిలో దీపమేమిటి, పిల్లలు కాలిపోయి ఉంటే ఎవరు జవాబు చెప్పాలి? నేను ఉన్న గదిలోనే అనేవాళ్ళు. నేను వింటూ గ్లాసులు సర్దేదాన్ని. శ్రీధర్ నలుగురిలోకి రావడం తగ్గించాడు. ఏడాది తిరక్కుండానే వర్జీనియాలో ఉద్యోగం చూసుకున్నాడు, అక్కడి ఆష్‌బర్న్‌కి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు చూడ్డానికి వెళ్తే, పిన్నిగారు కుడిచెయ్యి చూపించారు. చర్మం ముడుచుకుని వేళ్ళు పూర్తిగా విచ్చుకోవడం లేదు. వత్తి నులమడం ఇక రాదు. పోన్లే, ఇన్నాళ్ళు చేశాగా అన్నారు. మా ఇంట్లో డబ్బాలో ఆవిడ చేసిన వత్తులు ఇంకా కొన్ని ఉన్నాయి. వెలిగించలేదు, పారేయలేదు.

ఇంకో సంగతి చెప్తే మీకు నా మీద ఉన్న కాస్త జాలీ పోతుంది. ఆవిడ నాకు ప్రతి శుక్రవారం ఆష్‌బర్న్ నుంచి ఫోన్ చేస్తారు. "అమ్మాయ్, ఇక్కడ ఏముంటుందో చూసి చెప్పు" అంటారు. కిటికీ తీస్తే తెలుస్తుంది, ఇప్పుడు ఫోన్‌లో తెలుగులోనూ వస్తుంది. అయినా నన్నే అడుగుతారు. ఆదివారం మంచు పడుతుందండీ, మందులు ముందే తెప్పించుకోండి అంటాను. ఇన్నేళ్ళలో ఆవిడకి ఒక్క మాట తప్పు చెప్పలేదు. ఒకటికి మూడుసార్లు చూసి చెప్తాను. అలా చెప్తే ఆ పాతది కొట్టుకుపోతుందనుకున్నానా? అనుకున్నాను కాబోలు.

పోయిన శుక్రవారం మళ్ళీ అలాంటి పేజీయే వచ్చింది. గల్ఫ్ తీరాన ఉరుములు, రాకీల్లో మంచు, మా వైపు నిప్పు భయం. కార్తీకమాసమే. పిన్నిగారికి వాళ్ళ ఊరి సంగతి చెప్పాను. ఆవిడ వాళ్ళ మనవరాలి కబురు చెప్పారు. నీ దీపంలో బ్యాటరీ ఎందుకు అని అడిగిందట. అక్కడికి వెళ్ళినప్పటినుంచీ ఆవిడ కార్తీకదీపం ప్లాస్టిక్‌దే. నాకు గాలి చూసుకోవడం చేతకాదమ్మా, అందుకని అని చెప్పారట ఆ పిల్లకి.

నా వల్ల కాలేదు. చెప్పేశాను. పొద్దున చదివింది, మధ్యాహ్నం చదివింది, మ్యాప్, రంగు, ప్రసాద్ గారి గొడుగు, ఫైర్ ఆఫీసర్‌తో ఆడిన అబద్ధం, అన్నీ. ఏడుస్తూ చెప్పాను. పోన్లేమ్మా అంటారని నాలో ఎక్కడో ఆశ ఉంది, అదీ దాచను.

"అయితే చూసే చెప్పావన్నమాట," అన్నారు. "చూడకుండానే చూశానన్నావేమో అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ. వంట హడావిడిలో పడి చూసి ఉండవులే అనుకున్నా. నాకు చెప్పావు సరే. మరి వాళ్ళకో?" అన్నారు. ఫోన్ పెట్టేశారు.

ఇవాళ శుక్రవారం. ఎప్పుడూ ఎనిమిదింటికల్లా వచ్చే ఫోన్ రాలేదు. పది దాటింది. ఇక రాదనుకుంటాను.

కాఫీ చల్లారిపోయింది. ఇప్పుడు మాది ఈమెయిల్ కాదు, వాట్సాప్ గ్రూప్. ఆ రోజు పార్కులో ఉన్నవాళ్ళలో చాలామంది ఇంకా అందులో ఉన్నారు. ప్రసాద్ గారు ఉన్నారు. ఫోటోలు తీసిన పిల్లలు ఉన్నారు, పెద్దవాళ్ళయ్యారు. శ్రీధర్ కూడా ఉన్నాడు, ఎప్పుడూ ఏమీ పెట్టడు కానీ వదిలి వెళ్ళలేదు. ముందు ఈ వారం సంగతి రాశాను. ఉరుములు, మంచు. మన ఊళ్ళో పొడిగాలి, ఆరుబయట దీపాలు వద్దు, ఇళ్ళల్లోనే పెట్టుకోండి అని రాశాను. దాని కింద ఇంకో నాలుగు లైన్లు రాశాను. వెనక్కి తగ్గుతానేమోనని తిరిగి చదవకుండా పంపేశాను. ఇవీ అవి.

"పన్నెండేళ్ళ కింద వనభోజనాల ముందురోజు నేను మీకు రాయాల్సిన మాట: రేపు మన ఊళ్ళో నిప్పు భయం ఉంది, బయట దీపం వెలిగించవద్దు. ఇది పొద్దున చదివాను, మధ్యాహ్నం మళ్ళీ చదివాను, రాయలేదు. రాజ్యం పిన్నిగారు వెలిగించే ముందు నన్ను అడిగారు. పెట్టుకోమన్నాను."